రక్తపోటు ముదిరితే మూత్రపిండాలకు ముప్పు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్మల్ని ఆజ్ఞాపించారు. మేము వైద్యులము కాము, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవారము. అయితే కష్టమైన విషయాన్ని పదిమందికీ అర్థమయ్యేట్టు విడమరచి చెప్పడం మా వృత్తి. వైద్యులు చెప్పేదీ, వైద్య గ్రంథాలలో ఉన్నదీ ఆ పద్ధతిలోనే మీ ముందు పెడతాము. ప్రసంగమంతా ఒక్క ముక్కలో చెప్పమంటారా? బి.పి. మాత్ర సొంతంగా మానకండి. అంతే. ఎందుకు మానకూడదో, మానితే గుర్దాలకు ఏమవుతుందో చెప్పడానికే మిగిలిన సమయం.

మన గుండె ఒక పంపు వంటిది. అది రక్తాన్ని నెట్టినప్పుడు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడే రక్తపోటు. దీన్నే మన ఇళ్లలో ఖూన్ కా దబావ్ అంటారు. వైద్యులు 120/80 అని రాసినప్పుడు పై అంకె గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె విశ్రమించినప్పటి ఒత్తిడి. 140/90 లేదా అంతకు మించి పదేపదే కనబడితే బి.పి. ఉన్నట్టు లెక్క. పై అంకె 180 దాటినా, కింది అంకె 120 దాటినా అది తీవ్రమైన రక్తపోటు. మనం ఈ రోజు చెప్పుకోబోయేది ముఖ్యంగా దీన్ని గురించే.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. బి.పి. బాగా ఎక్కువగా ఉన్నా మనిషికి ఏ బాధా లేక, కళ్లు, మెదడు, గుండె, గుర్దాలు చెడకుండా ఉన్నది ఒక రకం. అప్పుడు కంగారు పడనక్కర్లేదు. కాసేపు కుదురుగా కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. మానేసిన మాత్రలుంటే డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూపించుకోవాలి. రెండో రకంలో అంత ఒత్తిడికి శరీరంలో ఏదో ఒక అవయవం అప్పటికే దెబ్బతింటూ ఉంటుంది. అదే అసలు ప్రమాదం. అప్పుడు రోజులు కావు, గంటలు లెక్కపెట్టాలి.

ఇక గుర్దాల సంగతి. మూత్రపిండం ఒక్కొక్కటి మన పిడికిలి అంత. ఒక్కో దానిలో సుమారు 10 లక్షల జల్లెళ్లున్నాయి. గుండె నుంచి బయలుదేరే రక్తంలో సుమారు ఐదోవంతు, అంటే నిమిషానికి ఒక లీటరుకు పైగా వీటిలోకే పోతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల నీరు ఈ జల్లెళ్లలో వడకట్టబడుతుంది. అందులో దాదాపు అంతా తిరిగి ఒంట్లోకే చేరి, చివరకు లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది. ఇంత రక్తం వెళ్లే చోటు కాబట్టే ఒత్తిడి పెరిగితే దెబ్బ కూడా అక్కడ గట్టిగా తగులుతుంది.

మన కోనసీమవాళ్లకు దీన్ని గోదావరితో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నది నీరు పెద్ద కాలువల్లోకి, లాకుల మీదుగా చిన్న కాలువల్లోకి, అక్కణ్ణించి బోదెల్లోకి, బోదెల నుంచి చేలోకి వస్తుంది. నదిలో నీరు కొంచెం పెరిగినా లాకుల దగ్గర తలుపులు దించి చేలను కాపాడతారు. గుర్దాలోని సన్నని నాళాలు కూడా అట్లాగే బిగుసుకొని, లోపలి జల్లెళ్ల మీద ఒత్తిడి పడకుండా కాస్తాయి. కాని 1986 ఆగస్టులో వచ్చినట్టి వరదే వస్తే? తలుపులూ ఆపలేవు, గట్లూ నిలవవు. రక్తపోటు మితిమీరినప్పుడు గుర్దాల లోపల జరిగేది అదే. సన్నని నాళాల గోడలు చిట్లుతాయి, వాస్తాయి, ఉల్లిపాయ పొరల మాదిరి మందమెక్కి దారి మూసుకుపోతుంది. జల్లెడలోంచి పోకూడని రక్తకణాలు, అల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతాయి.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. కాలువ చివరనున్న రైతును చూడండి. నది నిండుగా పారుతున్నా మధ్యలో బోదె పూడిపోతే అతని చేలోకి చుక్క రాదు. "నీళ్లు చాలడం లేదు, ఇంకా వదలండి" అని అతను లాకుల దగ్గరకు వెళ్లి గోల చేస్తాడు. గుర్దా కూడా అదే పని చేస్తుంది. నాళాలు మూసుకొని తనకు రక్తం అందకపోయేసరికి ఒంట్లో రక్తమే తక్కువైందని అనుకొని, రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దానివల్ల ఒంట్లోని నాళాలు మరింత బిగుస్తాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, బి.పి. ఇంకా పెరుగుతుంది. పెరిగిన బి.పి. గుర్దాను ఇంకా పాడుచేస్తుంది. పాడయిన గుర్దా బి.పి.ని ఇంకా పెంచుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే, మధ్యలో మందు పడితే తప్ప ఆగదు.

ఈ సంగతి లోకానికి తెలియడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్లు నీరుపట్టి చనిపోయినవారి గుర్దాలు చెడి ఉండడాన్నీ, వారి మూత్రంలో అల్బుమిన్ పోవడాన్నీ కలిపి చూపించాడు. 1914లో ఫోల్‌హార్డ్, ఫార్ అనే జర్మను వైద్యులు, నెలల్లోనే ప్రాణం తీసే ఈ ఉగ్రమైన రక్తపోటును మామూలు రక్తపోటు నుంచి వేరుచేసి చెప్పారు. 1934లో అమెరికాలో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్క గుర్దాకు పోయే ధమనిని బిగించి, దానికి బి.పి. వచ్చేట్టు చేశాడు. గుర్దాకు రక్తం తగ్గితే బి.పి. పెరుగుతుందని అప్పుడు రుజువైంది. 1939లో అమెరికాలోనే మేయో క్లినిక్ వైద్యులు, కంటి లోపలి నరం కూడా వాచిన రోగుల లెక్క తీస్తే, ఒక సంవత్సరం దాటి బతికినవారు నూటికి 21 మంది మాత్రమే. ఆనాడు మందు లేదు.

మందు లేకపోతే ఎంతటివాడికైనా ఏమవుతుందో రూజ్వెల్టు చరిత్ర చెబుతుంది. అమెరికా అధ్యక్షుడాయన. ప్రపంచ యుద్ధం నడిపించినవాడు. 1944 మార్చిలో గుండె వైద్యుడు చూస్తే బి.పి. 186/108 ఉంది. ఆనాటి వైద్యులు ఇవ్వగలిగింది ఉప్పు తగ్గించమనే సలహా, విశ్రాంతి, గుండెకు డిజిటాలిస్, నిద్రకు ఒక మాత్ర. 1945 ఏప్రిల్ 12న తలలో నరం చిట్లి చనిపోయిన రోజున ఆయన బి.పి. 300/190. అంత గొప్పవాడికి ఆనాడు దొరకని మందు ఈనాడు మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తున్నారు. దాన్ని మనం అటక మీద పెడుతున్నాము!

ఈ మందుల చరిత్రలో మనవాళ్ల పాత్ర కూడా చెప్పుకోదగ్గది. ఢిల్లీలో తిబ్బియా కాలేజీని నెలకొల్పిన హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ పేరు మీరందరూ విన్నదే. మన హకీములు అస్రోల్ అనీ, ఆయుర్వేదంవారు సర్పగంధ అనీ పిలిచే వేరు మీద సలీముజ్జమాన్ సిద్దీఖీ పరిశోధన చేసి 1931లో కొన్ని పదార్థాలు వేరుచేసి, ఒకదానికి హకీం సాహెబ్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. ఆ అజ్మలీన్ గుండె కొట్టుకొనే తీరుకు సంబంధించినది. అదే ఏడు కలకత్తాలో సేన్, బోస్ అనే వైద్యులు ఈ వేరు బి.పి.ని తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని ఇంగ్లండు వైద్య పత్రికలో ప్రకటించాక ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే మందు తీశారు. ఇప్పుడు దానికన్నా మేలైనవి వచ్చాయి కాబట్టి దాని వాడకం బాగా తగ్గింది. ఇదంతా చెప్పింది, వేరు తెచ్చి దంచుకొని తాగమని కాదు. ఎంత మోతాదో తెలియక తాగితే మనసు కుంగిపోవడం, బి.పి. ఒక్కసారి పడిపోవడం జరుగుతాయి. మన పెద్దలు కనిపెట్టిన దాన్ని కొలిచి, తూచి, పరీక్షించి మాత్రగా చేశారు. ఆ మాత్ర వేసుకోవడం మన హకీములను కాదనడం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మందులున్నా ఈ ఆపద ఎందుకు వస్తున్నది? కారణాలు చాలా ఉన్నాయి. గుర్దాలోనే జబ్బు ఉండడం, గుర్దాకు పోయే ధమని సన్నబడడం, గర్భవతులకు వచ్చే బి.పి. ఇవన్నీ ఉన్నవే. కాని అన్నిటికంటే తరచుగా కనబడేది, ఉన్న మందు మానెయ్యడం. ఎందుకు మానేస్తారు? మన ఇళ్లల్లో చెప్పే కారణాలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది. "ఆయ్, నాకు బాగానే ఉందండీ, ఇంకెందుకు మాత్ర?" అంటారు. బాగానే ఉన్నది మాత్ర వల్ల. బి.పి.కి నొప్పి లేదు. చాలామందికి తలనొప్పి కూడా రాదు. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం, కాలువ గట్టు పైకి గట్టిగానే కనబడుతోంది కాబట్టి లోపల గండి లేదనుకోవడం వంటిది. కొన్ని మాత్రలు, ముఖ్యంగా క్లోనిడిన్ వంటివి, ఒక్కసారిగా మానేస్తే బి.పి. మునుపటికంటే ఎక్కువకు ఎగురుతుంది.

రెండవది. "వేసుకుంటే అలవాటయిపోతుంది, గుర్దాలు పాడవుతాయి" అంటారు. తలకిందుల మాట ఇది. గుర్దాలను పాడుచేసేది బి.పి. కాపాడేది మాత్ర. నిజంగా గుర్దాలకు చేటు చేసేవి వేరే ఉన్నాయి. కీళ్లనొప్పులకని మందుల షాపులో సొంతంగా కొని రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు బి.పి.నీ పెంచుతాయి, గుర్దాలనూ దెబ్బతీస్తాయి. దగ్గుకని నెలల తరబడి అతిమధురం, అదే ములేఠీ, ఎక్కువగా వాడినా బి.పి. పెరుగుతుంది. పాదరసం, సీసం కలిసిన కుష్తాలు, భస్మాలు గుర్దాలకు విషం.

మూడవది రంజాన్. ఉపవాసమని మాత్రలు నెలంతా పక్కన పెట్టేవారున్నారు. ఇది అనవసరం. రోజుకు ఒకటి రెండుసార్లు వేసుకొనే మాత్రలను సహరీకి, ఇఫ్తారుకు సర్దుకోవచ్చు. అందుకు రంజాన్‌కు ముందే, షాబాన్ నెలలోనే డాక్టరుగారిని కలవాలి. గుర్దాలు ఇప్పటికే దెబ్బతిన్నవారు రోజా ఉండవచ్చా లేదా అన్నది డాక్టరుగారినీ, ఆలిమ్ సాహెబునూ ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోవాలి. రోగికి దీన్‌లో సడలింపు ఉన్నదని మనందరికీ తెలుసు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును కాదని ప్రాణం మీదకు తెచ్చుకోవడం పుణ్యం కాదు.

నాలుగవది దూరదేశం. మన కోనసీమ నుంచి కువైట్, దుబాయి, ఖతర్ వెళ్లినవారు ఎందరో. అక్కడ ఎండలో పని, వేళకు తిండి లేదు, మాత్రలు అయిపోతే సెలవు దొరకదు. ఇంటికి పంపే డబ్బులో తగ్గుతుందని చెప్పకుండా ఊరుకుంటారు. ముప్పై, నలభై ఏళ్ల వయసులో చూపు మసకబారి, కాళ్లు వాచి తిరిగి వస్తే అప్పటికి గుర్దాలు సగం పోయి ఉంటాయి. తల్లులకు మా మనవి ఒకటే. ఫోను చేసినప్పుడు "అన్నం తిన్నావా బేటా" అని అడిగినట్టే "బి.పి. చూపించుకున్నావా" అని కూడా అడగండి.

ఇక ఆపద వచ్చిందని ఎట్లా గుర్తుపట్టాలి? భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, వాంతులు, ఆయాసం, గుండెలో నొప్పి, మాట తడబడడం, మనిషి తికమకగా మాట్లాడడం, ఫిట్స్. గుర్దాల వైపు నుంచి చూస్తే మూత్రం తగ్గిపోవడం, నురగ కట్టడం, ఎర్రగా గాని టీ డికాక్షన్ రంగులో గాని రావడం, ముఖం, పాదాలు వాయడం. బి.పి. తీవ్రంగా ఉండి వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగవద్దు. గర్భవతికయితే 160/110 కే ఇదంతా వర్తిస్తుంది. ఆమె విషయంలో అసలు ఆలస్యం పనికిరాదు.

వెంటనే 108కి ఫోను చెయ్యండి. అమలాపురం గాని, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి గాని, ఎక్కడ చేర్చుకుంటే అక్కడికి. యానాం - ఎదుర్లంక వారధి పడక ముందు రోగిని పంటు మీద గోదావరి దాటించవలసి వచ్చేది. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఆలస్యం రోడ్డు వల్ల కంటే మన తటపటాయింపు వల్లనే ఎక్కువ. దారిలో తాయెత్తు కోసం ఆగకండి. దువా ఆంబులెన్సులో కూర్చొని కూడా చెయ్యవచ్చు.

చెయ్యకూడని పని ఒకటుంది. నిఫెడిపిన్ గొట్టం చిదిపి నాలుక కింద వెయ్యడం ఒకప్పుడు ఊరూరా ఉండేది. బి.పి. ఒక్కసారి కుప్పకూలి మెదడుకు, గుండెకు రక్తం అందక పక్షవాతం, గుండెపోటు వచ్చిన సంగతులు చూపించి, ఈ పద్ధతి ఆపవలసిందని 1996లోనే అమెరికా వైద్య పత్రికలో వైద్యులు రాశారు. ఆసుపత్రిలో చాలా రోగాలకు మొదటి గంటలో నాలుగోవంతుకు మించి తగ్గించరు. ఆ తర్వాత రెండు నుంచి ఆరు గంటల్లో 160/100 దగ్గరికి, మిగిలింది ఒకటి రెండు రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. నరానికి సన్నగా మందు ఎక్కిస్తూ, నిమిష నిమిషానికి చూస్తూ చేసే పని అది. "ఇంకా తగ్గలేదేమండీ" అని నర్సమ్మల మీద కేకలు వెయ్యకూడదు. లాకు తలుపులు ఒక్కసారే మూసినా చేను ఎండుతుంది కదా!

అక్కడ రక్తంలో క్రియాటినిన్, యూరియా, పొటాషియం చూస్తారు. మూత్రంలో అల్బుమిన్ చూస్తారు. కంటి లోపల దీపం వేసి చూస్తారు. క్రియాటినిన్ పెరిగితే గుర్దాలు తమ పని చెయ్యడం లేదని అర్థం. బి.పి. తగ్గించిన మొదటి రోజుల్లో అది కొంత పెరగనూ వచ్చు, దానికి భయపడి మందు మానరాదు. బాగా చెడితే డయాలసిస్ తప్పదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం దగ్గర పడుకోవాలి. ఖర్చు భరించడానికి 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనే పేరుతో ఉన్నది. కాని ఖర్చు ఒక్కటేనా? కూలికి పోయేవాడు వారంలో మూడు రోజులు ఎట్లా పోతాడు? వెంట వచ్చే భార్య పని ఏమిటి? చదువుకునే పిల్ల బడి మానేస్తుంది. ఆ ఖాళీ బెంచీలను చూసేది మా వంటి ఉపాధ్యాయులే.

నిరాశ పడవద్దు. ఈ రకం జబ్బులో ఒక విశేషమున్నది. బి.పి. గట్టిగా అదుపులో పెడితే కొందరికి నెలల తర్వాత గుర్దాలు కొంత కోలుకొని డయాలసిస్ మానగలుగుతారు. అందరికీ కాదు, కొందరికే. ఆ కొందరిలో ఉండాలంటే మాత్ర మానకూడదు.

తిండి దగ్గర రెండు మాటలు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆవకాయ, మాగాయ, ఎండుచేపలు, ఎండురొయ్యలు, అప్పడాలు కలిపితే ఆ చెంచా ఒక్క పూటకే అయిపోతుంది. రెండవది, కొబ్బరిబొండం. మన సీమలో జబ్బుపడ్డవాడిని చూడబోతే చేతిలో బొండాలుంటాయి. ఆరోగ్యవంతుడికి అది అమృతమే. కాని గుర్దాలు చెడినవాడికి అందులోని పొటాషియం రక్తంలో పేరుకొని గుండె ఆగేంత పని చేస్తుంది. అరటిపండ్ల విషయమూ అంతే. అందుచేత గుర్దా రోగిని పరామర్శించబోయేవారు డాక్టరు ఏం తినమన్నాడో ముందు అడగండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. మన కోనసీమ వంటిదే, కొబ్బరితోటల సీమ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఏళ్లుగా గుర్దాల జబ్బు ఇళ్లకు ఇళ్లను ఖాళీ చేస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో అందుకోసమే పెద్ద ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడ చాలామందికి ముందు బి.పి. లేదు, షుగరు లేదు. ఎందుకు వస్తోందో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. కారణం తెలియక వాళ్లు బాధపడుతున్నారు. మన విషయంలో కారణం తెలుసు, మందు తెలుసు, అది దొరికే చోటూ తెలుసు. తెలిసి కూడా పోగొట్టుకుంటే ఎవరిని అనాలి?

కాబట్టి సంఘానికి మా ప్రతిపాదన ఇది. ఒకటి, సంఘం నిధితో మంచి బి.పి. యంత్రాలు రెండు కొని, ప్రతి నెలా ఒక జుమా నాడు నమాజు తర్వాత మగవారికీ, మరొక రోజు బడిలో ఆడవారికీ చూపించే ఏర్పాటు చెయ్యాలి. రెండు, ఒక రిజిస్టరు పెట్టి, మాత్ర వాడేవారి పేర్లు వారి ఇష్టంతో రాసుకొని, నెలకు రానివారి ఇంటికి ఒక కుర్రవాడిని పంపాలి. 2017లో మన దేశంలో తెలంగాణతో సహా 5 రాష్ట్రాల్లో మొదలైన బి.పి. నియంత్రణ కార్యక్రమం నడిచేది ఇదే సూత్రం మీద. ప్రతి రోగికీ ఒక కార్డు, తప్పినవారిని వెతికి పిలవడం. ఇందులో పెద్ద ఖర్చు లేదు, పట్టుదల కావాలి. మూడు, బి.పి., షుగరు ఉన్నవారందరూ ఏడాదికి ఒక్కసారైనా క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకొనేట్టు చూడాలి.

హాజరు పట్టీ రాయడం మాకు అలవాటే. ఆ రిజిస్టరు బాధ్యత సంఘంవారు అప్పగిస్తే మేము తీసుకొంటాము. పెద్దలు ఈ రోజే తీర్మానం చెయ్యాలని కోరుతున్నాము. అల్లాహ్ మన ఇళ్లన్నిటికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.